రేవు గుమాస్తా కమీల్ పిసారో

(ఒక డ్రాయింగు మాస్టారి స్మృత్యర్థం జరిగిన సభలో చేసిన ఉపన్యాస పాఠం)



మాస్టారి గురించే మాట్లాడదామంటే ఆయనకే నచ్చదు. ఎవరైనా పొగడ్త మొదలెడితే పని ఉన్నట్టు పక్కకి తప్పుకునే మనిషి. పాఠం చెప్పడమే బతుకుగా బతికారు కనుక, ఇవాళ పాఠం చెప్పిన ఒక చిత్రకారుడి సంగతి చెబుతాను. ఆయన పేరు కమీల్ పిసారో.

కళాచరిత్ర పుస్తకాల్లో మోనే, రెన్వార్, డెగా, సెజాన్ల తర్వాత ఐదోదో ఆరోదో ఈయన పేరు వస్తుంది. ఇంప్రెషనిస్టులందరికీ పెద్దన్న అని రాస్తారు. కరీబియన్ సముద్రంలో ఒక దీవిలో పుట్టాడని ఒక వాక్యం రాసి, రెండో వాక్యంలోనే ఓడెక్కించి పారిస్‌లో దింపేస్తారు. నాకు ఆ తొందర నచ్చదు. మనిషి ఫ్రాన్సులో నలభై ఎనిమిదేళ్ళు బొమ్మలేశాడు, నిజమే. కానీ దేనివైపు తిరిగి నిలబడాలో, ఎవరిని చూడాలో ఆయన నేర్చుకున్నది ఆ దీవి రేవులోనే. నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగతాదంతా దీనికి సాక్ష్యం.

దీవి పేరు సెంట్ థామస్. వైశాల్యం 80 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. మన మండలాల్లో చాలా వాటికంటే చిన్నది. అప్పట్లో డెన్మార్కు రాజుది. డెన్మార్కు అంటే మనకు సంబంధం లేని దేశమనుకోకండి. తమిళ తీరంలోని తరంగంబాడి కూడా ఆ రాజుదే. 1845లో దాన్ని ఇంగ్లీషువాళ్ళకి అమ్మేశాడు. సెంట్ థామస్‌నూ దాని పక్క దీవులనూ 1917లో రెండున్నర కోట్ల డాలర్లకి అమెరికాకి అమ్మేశారు. మనుషులతో సహా దీవుల్ని అమ్ముకునే కాలం అది.

ఆ దీవికి షార్లట్ అమాలీ అనే రేవు పట్నమే ప్రాణం. సుంకాలు లేని రేవు కనుక యూరప్ నుంచి, ఉత్తర దక్షిణ అమెరికాల నుంచి ఓడలు వచ్చి ఆగేవి. డేనిష్ దొరలు, స్పానిష్ వర్తకులు, ఇంగ్లీషు నావికులు, పోర్చుగల్ మూలాలున్న యూదులు, వీళ్ళందరికంటే ఎక్కువమంది ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలూ వాళ్ళ సంతానమూ. ఆ ఊళ్ళో 1830 జులై 10న ఒక యూదు వ్యాపారి ఇంట పిసారో పుట్టాడు.

వాళ్ళ నాన్న ఫ్రెడరిక్ ఫ్రాన్సులోని బోర్డో నుంచి వచ్చాడు. చనిపోయిన మేనమామ ఆస్తి వ్యవహారాలు చక్కబెట్టడానికని వచ్చి, ఆ మేనమామ భార్య రేచల్‌నే పెళ్ళి చేసుకున్నాడు. మేనమామ కూతురంటే మనవాళ్ళు పప్పన్నం పెట్టి చేస్తారు గానీ, మేనమామ భార్య అంటే ఏ ఊరు ఊరుకుంటుంది? అక్కడి యూదుల ప్రార్థనా మందిరం కూడా ఊరుకోలేదు. 1826లో జరిగిన పెళ్ళిని 1833 దాకా ఒప్పుకోలేదు. ఆ వెలి వల్ల పిల్లలు సాటి యూదు పిల్లలతో కాకుండా, నల్లజాతి పిల్లలు చదువుకునే మొరావియన్ మిషన్ బడికి వెళ్ళారు. తెల్ల వ్యాపారి కొడుకు నల్ల పిల్లల మధ్య కూర్చుని అక్షరాలు దిద్దుకున్నాడు. ఆ కాలంలో ఆ ఊళ్ళో ఇది చిన్న విషయం కాదు. పెద్దలు విధించిన శిక్ష పిల్లవాడికి చదువైంది.

పన్నెండో ఏట పారిస్ దగ్గర పాసీ అనే చోట బోర్డింగు స్కూల్లో వేశారు. స్కూలు నడిపే సవారీ అనే ఆయనకు బొమ్మలంటే ఇష్టం. కుర్రాడు ఊరికి తిరిగి వెళుతుంటే, కొబ్బరిచెట్లు ఉన్నాయిగా, ఎదురుగా కూర్చుని గియ్యి అన్నాడని చెబుతారు. మంచి మేస్టారు. పదిహేడో ఏట, అంటే 1847లో, కుర్రాడు ఇంటికొచ్చాడు. నాన్న కొట్లో గుమాస్తా ఉద్యోగం. సరుకు దిగుతుంటే రేవులో నిలబడి లెక్క రాసుకోవాలి. ఐదేళ్ళు ఆ పని చేశాడు. లెక్క పుస్తకంతో పాటు బొమ్మల పుస్తకం కూడా చేతిలో ఉండేది.

ఆ ఐదేళ్ళలోనే దీవి చరిత్రలో పెద్ద ఘట్టం జరిగింది. పక్కనే ఉన్న సెంట్ క్రోయ్ దీవిలో బానిసలు తిరగబడితే, డేనిష్ గవర్నరు 1848 జులై 3న బానిసత్వం రద్దయిందని ప్రకటించక తప్పలేదు. పిసారోకి పద్దెనిమిదేళ్ళు నిండడానికి అప్పటికి వారం ఉంది. నిన్నటిదాకా ఒకరి సొత్తుగా ఉన్న మనుషులు ఇవాళ కూలికి అదే మూట మోస్తున్నారు. ఆ తేడా, ఆ తేడా లేకపోవడం, రెండూ రేవులో నిలబడ్డ గుమాస్తా రోజూ చూశాడు. ఆ రోజుల్లో ఆయన గీసిన పెన్సిలు బొమ్మల్లో నీళ్ళు మోసే ఆడవాళ్ళు, బట్టలుతికేవాళ్ళు, గాడిదలు తోలేవాళ్ళు, బాటపక్క కబుర్లాడుకునేవాళ్ళు కనిపిస్తారు. దొరల బంగళాలు వెతికినా పెద్దగా దొరకవు.

రేవులోనే ఆయనకు ఫ్రిట్జ్ మెల్బీ అనే డేనిష్ చిత్రకారుడు తారసపడ్డాడు. వయసులో నాలుగేళ్ళు పెద్ద. బొమ్మలేసుకుంటూ లోకం తిరిగే మనిషి. 1852లో పిసారో గుమాస్తా పని వదిలేసి అతనితో వెనెజువెలా వెళ్ళిపోయాడు. కారకాస్‌లో, లా గ్వైరా రేవులో రెండేళ్ళు సంతలు, అడవులు, వీధులు గీస్తూ గడిపాడు. 1854లో తిరిగొచ్చేసరికి ఇంట్లో పట్టుదల సడలింది. మరుసటేడు పారిస్‌కి ప్రయాణమయ్యాడు. మళ్ళీ పుట్టిన ఊరు చూడలేదు.

ఇక్కడ ఒక బొమ్మ దగ్గర కాసేపు ఆగుదాం. వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీలో ఉంది. సముద్రపు ఒడ్డున మాట్లాడుకుంటున్న ఇద్దరు స్త్రీలు. కింద మూలన సంతకం చూస్తే పారిస్, 1856 అని ఉంటుంది. పేరు కూడా అప్పటికింకా స్పానిష్ పద్ధతిలో 'పిజారో' అనే రాసుకుంటున్నాడు. అంటే దీవి వదిలి వచ్చాక, పారిస్ చలిలో కూర్చుని, వెంట తెచ్చుకున్న స్కెచ్చులూ జ్ఞాపకమూ కలిపి వేసిన బొమ్మ.

మట్టిదారి. దారి పక్క నుంచి వంపు తిరిగిన తీరం, వెనక కొండ. దారి మధ్యలో ఇద్దరు నల్లజాతి ఆడవాళ్ళు ఎదురుపడి ఆగారు. పనిమీద పోతూ పోతూ ఆగిన ఆగడం అది. తలమీద బరువు ఉన్న మనిషి మాట్లాడేటప్పుడు మెడ తిప్పదు, ఒళ్ళంతా తిప్పుతుంది. మన నూతి దగ్గరా చెరువు గట్టునా చూసినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. ఆ నిలకడ పిసారోకి తెలుసు. వాళ్ళు మన వైపు చూడరు, మన కోసం నవ్వరు, మనం ఉన్నామన్న స్పృహే వాళ్ళకి లేదు. ఆ కాలంలో ఉష్ణదేశాల బొమ్మలు కొనే యూరప్ దొరలకి కావలసింది వేరు: వింత పూలు, వింత పిట్టలు, సగం బట్టల్లో నల్ల పిల్ల. ఇరవయ్యారేళ్ళ పిసారో అవేవీ వేయలేదు. ఇద్దరు మనుషులు, ఒక దారి, కాస్త మాట్లాడుకునే తీరిక. తర్వాత ఫ్రాన్సులో ఆయన వేసిన వందల బొమ్మలకి ఇదే మూసని నా నమ్మకం. ఆ ఇద్దరి స్థానంలో పాంత్వాజ్ అనే ఊరి సంతకి పోయే రైతు ఆడవాళ్ళను పెట్టండి, దారి మాత్రం అదే.

పారిస్‌లో మొదటి పదేళ్ళ సంగతి త్వరగా చెప్పేస్తాను. కోరో అనే పెద్ద చిత్రకారుడు సలహాలిచ్చాడు. అకాడెమీ స్విస్ అనే చోట మోడల్‌ని చూసి గీసుకోవచ్చు, తప్పులు దిద్దే గురువుండడు. అక్కడ మోనే, తర్వాత సెజాన్ పరిచయమయ్యారు. ప్రభుత్వ ప్రదర్శన 'సలోన్'లో 1859లో మొదటిసారి ఒక బొమ్మ తీసుకున్నారు. ఆ తర్వాత కొన్నేళ్ళు తీసుకుంటారు, కొన్నేళ్ళు తిప్పి పంపుతారు. పారిస్ చేరిన తల్లి ఇంట్లో వంటపనికి కుదిరిన జూలీ వెలే అనే అమ్మాయిని ప్రేమించాడు. ఆమె బర్గండీ రైతు బిడ్డ, క్యాథలిక్. తల్లి ససేమిరా అంది. మేనల్లుడిని పెళ్ళాడి ఊరినే ఎదిరించిన ఆవిడ కొడుకు విషయానికొచ్చేసరికి కులం, హోదా వెతికింది. లోకం ఎక్కడైనా ఇంతే. పిల్లలు పుట్టాక, 1871లో లండన్ శివార్లలోని క్రాయ్‌డన్‌లో గానీ వాళ్ళ పెళ్ళి కాలేదు.

లండన్ ఎందుకు వెళ్ళాడంటే, 1870లో ప్రష్యా సైన్యం ఫ్రాన్సు మీద పడింది. పిసారో కాపురం లూవ్‌సియెన్ అనే ఊళ్ళో. ఆయన పౌరసత్వం చచ్చేదాకా డెన్మార్కుదే కనుక ఫ్రెంచి సైన్యంలో చేరడానికి లేదు. ఇల్లు వదిలి పోయాడు. సైనికులు ఆ ఇంట్లో దిగారు. తోటలో బురదకి కాళ్ళు పాడవుతున్నాయని ఆయన కాన్వాసులు పరుచుకుని వాటిమీద నడిచారు. ఇరవై ఏళ్ళ పని, సుమారు 1500 బొమ్మలు వదిలి వెళితే, తిరిగొచ్చేసరికి మిగిలినవి 40. దీవి నుంచి తెచ్చుకున్న తొలి పనిలో ఎంత పోయిందో ఊహించుకోవచ్చు. ఇంత దెబ్బ తిన్నాక పాంత్వాజ్‌కి కాపురం మార్చి మళ్ళీ మొదలుపెట్టాడు.

ఇక అసలు కథ. సలోన్ పెత్తనం భరించలేక కుర్రకారు కలిసి 1873 డిసెంబరులో సొంత సంఘం పెట్టుకుంది. నియమావళి కోసం పిసారో ఏం తెచ్చి చూపించాడో తెలుసా? పాంత్వాజ్ రొట్టెల పనివాళ్ళ సంఘం నిబంధనలు. ఎవరి బొమ్మ ఎక్కడ తగిలించాలో చీటీలేసి తేల్చుకుందామన్నాడు. మరీ ఇన్ని నియమాలా అని రెన్వార్ విసుక్కున్నాడు. 1874 ఏప్రిల్ 15న ఫొటోగ్రాఫర్ నదార్ ఖాళీ చేసిన స్టూడియోలో ప్రదర్శన తెరిచారు. దానికి తొమ్మిది రోజుల ముందే పిసారో కూతురు మినెట్ పోయింది. పిల్లకి తొమ్మిదేళ్ళయినా నిండలేదు. ఏడాది చివర సంఘం లెక్క చూస్తే తలా 184 ఫ్రాంకుల 50 సాంతీముల అప్పు తేలింది. సంఘం రద్దయింది. మనిషి మాత్రం వెనక్కి తగ్గలేదు. 1886 దాకా అలాంటివి మొత్తం ఎనిమిది ప్రదర్శనలు జరిగాయి. మోనే కొన్నిటికి రాలేదు, రెన్వార్ కొన్నిటికి రాలేదు, సెజాన్ రెండిటితో సరిపెట్టాడు. ఎనిమిదింటిలోనూ బొమ్మలు పెట్టినవాడు పిసారో ఒక్కడే.

ఆ మొదటి ప్రదర్శనలో పెట్టిన ఐదు బొమ్మల్లో 'తెల్లని మంచు' ఒకటి. ఎనరీకి పోయే పాత బాట, పాంత్వాజ్ పక్కన. ఇప్పుడు పారిస్‌లోని ఒర్సే మ్యూజియంలో ఉంది. పిల్లలూ, దీన్ని ఫోన్‌లో వెతికి చూడండి, పెద్దది చేసి చూడండి. దున్నిన చేను. తెల్లవారింది గానీ చాళ్ళ మీద మంచు ఇంకా కరగలేదు. ముసలాయన ఒకడు వీపున కట్టెలమోపు, చేతిలో కర్రతో బాటవెంట నడుస్తున్నాడు. చేనుకి అడ్డంగా నీలిరంగు నీడలు పొడుగ్గా పడి ఉన్నాయి. ఆ నీడలు దేనివి? బొమ్మంతా వెతకండి, ఆ నీడలు వేసే చెట్లు కనిపించవు. అవి బొమ్మకి బయట, చూసేవాడి వైపు ఎక్కడో ఉన్నాయి, వాటి నీడలే లోపలికి వచ్చాయి. బొమ్మలో లేని చెట్ల నీడలు వేయడం పెద్ద తప్పని కాస్టన్యారీ అనే విమర్శకుడు, అదీ వీళ్ళను మెచ్చుకున్నవాడే, ఆక్షేపించాడు. లెరువా అనే ఇంకో విలేకరి అయితే పాలెట్ గీకి మురికి కాన్వాసుకి పులిమారని ఎగతాళి చేశాడు. 'ఇంప్రెషనిస్టులు' అన్న పేరు ఆ వ్యాసపు వెక్కిరింత లోంచే పుట్టింది.

నన్నడిగితే ఆ నీడల్లోనే ఆయన గొప్పతనం ఉంది. చట్రం లోపల అందంగా సర్ది పెట్టిన లోకం కాదిది. చట్రం బయట కూడా లోకం ఉందని, తాను అక్కడే నిలబడి ఉన్నానని చెప్పడం. ముసలాయన మీద జాలి కూడా ఒలకబోయలేదు. మిలే లాంటి చిత్రకారులు రైతుని గీస్తే ప్రార్థన వినిపిస్తుంది, పిసారో గీస్తే అతని నడక కనిపిస్తుంది. ఆ మోపు బరువెంతో ఆయన అంచనా వేయగలడు. సరుకు బరువులు రాసుకున్న చెయ్యి కదా.

అయితే ఆ బొమ్మలు అమ్ముడుపోయేవి కావు. గియోమాఁ అనే స్నేహితుడితో కలిసి కిటికీ తెరలకు రంగులేసి కూలి తెచ్చుకున్న రోజులున్నాయి. మ్యూరే అని పారిస్‌లో ఒక మిఠాయి కొట్టు యజమాని వీళ్ళ బొమ్మలు కొనేవాడు. ఆయన ఒకసారి పిసారో బొమ్మని బహుమానంగా పెట్టి లాటరీ నడిపాడనీ, గెలిచిన పనిపిల్ల బొమ్మ వద్దు, క్రీము బన్ను ఇవ్వండి అందనీ ఒక కథ ఉంది. కథే కావచ్చు. కానీ జూలీ కష్టం కథ కాదు. ఎనిమిదిమందిని కన్నది, కోళ్ళనీ కుందేళ్ళనీ పెంచింది, కూరగాయలు పండించింది, అప్పులవాళ్ళకి జవాబు చెప్పింది. పిసారో గురించి మాట్లాడేవాళ్ళు ఆమె పేరు ఒక్కసారి చెప్పి వదిలేస్తారు. అది అన్యాయం. ఎరాన్యీ అనే ఊళ్ళో అద్దెకున్న ఇల్లు అమ్మకానికి వస్తే, భర్త లండన్‌లో ఉండగా మోనే దగ్గరికి వెళ్ళి 15,000 ఫ్రాంకులు అప్పు అడిగి తెచ్చింది ఆవిడే. 1892లో ఆ ఇల్లు వాళ్ళదయింది.

పాఠం చెప్పడం సంగతికి వస్తాను, ఈ సభకి అదే ముఖ్యం.

1872లో సెజాన్ పాంత్వాజ్ వచ్చాడు. అప్పటికి అతని బొమ్మలు నల్లగా, కసిగా, కత్తితో మెత్తినట్టుండేవి. పిసారో ఉపన్యాసాలివ్వలేదు. తన బొమ్మ ఒకటి చేతికిచ్చాడు. సెజాన్ దాన్ని ఇంటికి తీసుకెళ్ళి యథాతథంగా కాపీ చేశాడు. ఆ కాపీ ఇప్పటికీ ఉంది. తర్వాత ఇద్దరూ పక్కపక్కన ఈజిళ్ళు వేసుకుని ఒకే కొండని, ఒకే ఇంటిని వేసేవాళ్ళు. నలుపు తీసేయి, మూడు మూల రంగులతో సరిపెట్టుకో అన్నది పిసారో బోధ. సెజాన్ తగని కోపిష్టి, ఎవరినీ దగ్గరికి రానిచ్చేవాడు కాదు. అలాంటివాడు పిసారో తనకు తండ్రిలాంటివాడని చెప్పుకున్నాడు. 1906లో, పిసారో పోయి మూడేళ్ళయ్యాక, తానే కుర్రవాళ్ళకు గురువుగా చలామణీ అవుతున్న రోజుల్లో, సొంత ఊరు ఎక్స్‌లో జరిగిన ప్రదర్శన కేటలాగులో తన పేరు పక్కన 'పిసారో శిష్యుడు' అని వేయించుకున్నాడు. అదే ఏడాది అక్టోబరులో సెజాన్ కూడా పోయాడు. ఆ రెండు మాటల్లో ఉన్నంత గురుదక్షిణ నేనింకెక్కడా చూడలేదు.

అమెరికా నుంచి వచ్చిన మేరీ కసాట్ కూడా ఆయన దగ్గర నేర్చుకుంది. రాళ్ళకైనా సరిగ్గా గీయడం నేర్పగలడని ఆవిడ మెచ్చుకోలు. సొంత కొడుకులు ఐదుగురూ చిత్రకారులయ్యారు. పెద్దవాడు లూసియెన్ లండన్‌లో స్థిరపడితే, అతనికి రాసిన ఉత్తరాలే ఒక పుస్తకమయ్యాయి. పాఠాలు, అప్పులు, దగ్గు మందులు, రాజకీయాలు అన్నీ కలగలిసిన ఉత్తరాలు.

ఇంకో శిష్యుడు గోగాన్. స్టాక్ మార్కెట్ ఉద్యోగి, ఆదివారాలు బొమ్మలేసేవాడు. ఆయన్ని చిత్రకారుణ్ణి చేసింది పిసారోనే. ఆ గోగాన్ 1891లో తాహితీ దీవికి పోయాడు, రెండేళ్ళకు తిరిగొచ్చి అక్కడి మనుషుల బొమ్మలతో పారిస్‌లో ప్రదర్శన పెట్టాడు. పిసారోకి అవి రుచించలేదు. ఎవరిదో ఎత్తుకొచ్చి తనదని చూపిస్తున్నాడని కొడుక్కి రాశాడు. ఈ తీర్పుని కొందరు ముసలి గురువు అసూయ అంటారు. నేను అనను. దీవిలో పుట్టి పెరిగినవాడికి దీవి అంటే స్వర్గం కాదు. అక్కడ సరుకు దిగుతుంది, కూలి లెక్క ఉంటుంది, బానిసల సంత ఉండేది. పారిస్‌లో పుట్టినవాడికి అది కలలోని చోటు. గోగాన్ రంగుల ముందు నేనూ నోరు తెరుచుకుని నిలబడతాను. అయినా ఆ తగవులో నా ఓటు గురువుకే.

నేర్పేవాడు నేర్చుకోవడం మానేస్తే ఏమవుతుందో మనందరికీ తెలుసు. పిసారో మానలేదు. 1885లో స్యూరా అనే కుర్రాడిని కలిశాడు. కుర్రాడికి పాతిక, ఈయనకి యాభై అయిదు. రంగుల్ని పాలెట్ మీద కలపకుండా చుక్కలు చుక్కలుగా పక్కపక్కన పెడితే చూసేవాడి కంట్లో కలుస్తాయన్నది స్యూరా సిద్ధాంతం. నెరిసిన గడ్డంతో మహర్షిలా కనిపించే మనిషి మళ్ళీ బడిపిల్లాడైపోయి చుక్కలు పెట్టడం మొదలెట్టాడు. 1886లో ఆఖరి ప్రదర్శనలో స్యూరానీ అతని స్నేహితుడు సిన్యాక్‌నీ చేర్చుకోవాల్సిందేనని పట్టుబట్టాడు. పాత స్నేహితులు మొహం చిట్లించారు. కొనేవాళ్ళు జారుకున్నారు. ఇంట్లో జూలీ గొడవ ఇంకా పెరిగింది. నాలుగైదేళ్ళు చేశాక, ఈ చుక్కల పద్ధతి తన చేతికి సంకెళ్ళయిందని, కళ్ళముందు గాలీ వెలుగూ మారిపోతుంటే చుక్క పెట్టే చెయ్యి అందుకోలేకపోతోందని వదిలేశాడు. ఆ నాలుగైదేళ్ళ బొమ్మలు ఆయన ఉత్తమమైనవని నేననుకోను, కొన్ని ఎండిపోయినట్టుంటాయి. కానీ యాభై అయిదో ఏట పేరూ చేతివాటమూ పక్కనపెట్టి పాతికేళ్ళవాడి దగ్గర కూర్చోగలిగిన పెద్దలు మన సాహిత్యంలో, సంగీతంలో, రాజకీయాల్లో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. చేతి వేళ్ళు చాలు.

రాజకీయమంటే గుర్తొచ్చింది. ఆయన అరాచకవాది. రష్యన్ అరాచకవాది క్రొపాట్కిన్‌ని చదివేవాడు. అధికారం ఎవరి చేతిలో ఉన్నా నమ్మనివాడు. 1889లో మేనకోడళ్ళ కోసం 28 బొమ్మలతో ఒక పుస్తకం కట్టాడు. ధనస్వామ్యం పారిస్ పేదల్ని ఎలా నమిలేస్తోందో అందులో ఉంది. కానీ ఆ కోపాన్ని నూనెరంగుల్లోకి తేలేదు. చేలో ఆపిల్ పళ్ళు ఏరుకునే పిల్లని నినాదంగా మార్చలేదు. దీన్ని కొందరు పిరికితనమంటారు. బొమ్మలో మనిషికి మర్యాదగా చోటిస్తే చాలని ఆయన అనుకున్నాడని నా ఉద్దేశం.

యూదుడవడం వల్ల పడ్డ దెబ్బ మాత్రం మామూలుది కాదు. సైన్యంలో డ్రేఫస్ అనే యూదు అధికారి మీద దొంగ కేసు పెట్టి 1894లో దేశద్రోహిగా శిక్షించారు. 1898లో రచయిత జోలా బహిరంగ లేఖ రాసి నిలదీశాడు. దేశం రెండుగా చీలింది. పిసారో జోలా పక్కన నిలబడ్డాడు. పాతికేళ్ళు కలిసి నడిచిన డెగా, వీధిలో ఎదురైనా పలకరించడం మానేశాడు. రెన్వార్ కూడా మొహం చాటేశాడు. అయినా డెగా బొమ్మలు గొప్పవని చెప్పడం పిసారో మానలేదు. బొమ్మకీ మనిషికీ లెక్క వేరు వేరుగా రాసుకున్నాడు.

1880ల చివర్నుంచి కుడికన్ను బాధ. కన్నీటి నాళానికి చీముపట్టేది. గాలీ దుమ్మూ తగలకూడదన్నారు. జీవితమంతా ఆరుబయట నిలబడి వేసిన మనిషిని గదిలో కూర్చోమన్నట్టు. ఆయన ఏం చేశాడంటే, ఎత్తు మేడల్లో హోటల్ గదులు అద్దెకు తీసుకుని కిటికీ అద్దాల వెనక ఈజిలు వేశాడు. చేలూ బాటలూ పోయి నగరం వచ్చింది. 1897లో పారిస్‌లో హోటల్ ద రుస్సీ కిటికీ లోంచి మోన్‌మార్త్ర్ బులవార్డుని 14 సార్లు వేశాడు. ఎండలో, మంచులో, వానలో, ఉత్సవం నాటి గుంపుతో. అందులో ఒక్కటే రాత్రి బొమ్మ, లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. తడిసిన రోడ్డు, నడుమ వీధిదీపాల వరస, ఒక పక్క బాడుగ బళ్ళ దీపాలు, దుకాణాల పచ్చని వెలుగు రోడ్డు మీద కారిపోతోంది. దగ్గరకెళితే గీతలూ మరకలే. దాని మీద సంతకం లేదు, ఆయన బతికుండగా ఎవరికీ చూపించలేదు. అదే ఏడాది నవంబరులో మూడో కొడుకు ఫెలిక్స్ ఇరవై మూడేళ్ళకే క్షయతో లండన్‌లో పోయాడు. డిసెంబరుకల్లా తండ్రి ఇంకో హోటల్లో ఇంకో కిటికీ వెతుక్కున్నాడు.

కిటికీ లోంచి చూసినా ఆయన చూసింది దారినే, దారిన పోయే మనుషుల్నే. రువాన్ నగరంలో వంతెనలూ పడవలూ రేవు క్రేన్లూ పొగగొట్టాలూ వేశాడు. అందమైన పాత నగరంలో పొగ ఎందుకయ్యా అనేవాళ్ళని పట్టించుకోలేదు. 1902లో దియెప్ రేవు. 1903 వేసవిలో ల హావ్ర్ రేవు. అమెరికా ఓడలు వచ్చిపోయే చోటది. డెబ్బై మూడేళ్ళ వయసులో హోటల్ కిటికీ దగ్గర కూర్చుని ఓడలు లోపలికి రావడం, సరుకు దిగడం, గట్టుమీద జనం గుమిగూడడం బొమ్మకట్టాడు. ఎవరు పురమాయించినా పురమాయించకపోయినా, ఆయనకి చేతనైన పని అది. సెప్టెంబరులో పారిస్ వచ్చాడు, జబ్బుపడ్డాడు, నవంబరు 13న పోయాడు. పేర్ లషేజ్ శ్మశానంలో సమాధి.

మనకి ఒక చిన్న చుట్టరికం కూడా ఉంది. లూసియెన్ కూతురు ఒరొవీడా, తాత పేరు వాడుకోవడం ఇష్టం లేక, ఇంటిపేరు వదిలేసి ఉత్త 'ఒరొవీడా' అని సంతకం చేసేది. ఇంప్రెషనిజాన్ని పక్కనపెట్టి చైనా, జపాన్, పర్షియా పటాలనూ మన భారతీయ సూక్ష్మచిత్రాలనూ చూసి తన దారి వేసుకుంది. ఎవరి దారి వాళ్ళు వెతుక్కోవాలని జీవితమంతా చెప్పిన తాతకి ఆ మనవరాలి ఎదురుతిరుగుడు నచ్చేదేమో.

చివరగా నిర్వాహకులకు ఒక మనవి. ఈ సభకు ముందు బడిపిల్లలకు ఏటా డ్రాయింగు పోటీ పెడుతున్నారు, సంతోషం. ఇందాక వరండాలో తగిలించిన బొమ్మలన్నీ చూశాను. 'ప్రకృతి దృశ్యం' అనేసరికి అందరివీ రెండు త్రికోణం కొండలు, మధ్యలో సగం సూర్యుడు, మెలికల నది, ఒడ్డున గుడిసె, పక్కకి వంగిన కొబ్బరిచెట్టు. మా చిన్నప్పుడూ ఇదే బొమ్మ, మా నాన్నగారి చిన్నప్పుడూ బహుశా ఇదే. తప్పు పిల్లలది కాదు, గదిలో కూర్చోబెట్టి గంటలో వేసెయ్యమంటున్న మనది. వచ్చే ఏడాది పోటీ ఈ హాల్లో పెట్టకండి. పిల్లలకి తలా ఒక అట్ట, రెండు పెన్సిళ్ళు ఇచ్చి, టీచర్ల తోడు పెట్టి బస్టాండుకో, కూరగాయల మార్కెట్టుకో, లారీల్లో ధాన్యం బస్తాలు ఎక్కించే చోటికో పొద్దున్నే తీసుకెళ్ళండి. బహుమతుల ఖర్చులో నా వంతు నేనిస్తాను.